తొలి కత్తి ఎవరి మీద?

గత వేసవి సెలవులలో మా అమ్మను వెంటబెట్టుకొని గోదావరి దాటి రాజమహేంద్రవరములో ఒక ఎముకల వైద్యుని వద్దకు పోయినాను. ఆమెకు డెబ్బదికి చేరువ వయస్సు. రెండు మోకాళ్ళలోను గుజ్జు అరిగిపోయి ఏడెనిమిది సంవత్సరములైనది. నమాజులో సజ్దాకు వంగలేక కుర్చీలో కూర్చుండి ప్రార్థన చేసికొనవలసి వచ్చినందుకు ఆమె పడు బాధ, మోకాళ్ళ నొప్పి కంటె ఎక్కువ. వైద్యుడు మర్యాద తెలిసినవాడు. ఎక్స్‌రే చూచి, రెండు కీళ్ళును మార్చవలసినదేనని చెప్పి, ఇప్పుడు ఈ పనిని రోబో సాయముతో చేయు పద్ధతి వచ్చినదని బల్లమీది తెరపై ఒక చిత్రము వేసి చూపించినాడు. తెల్లని పొడవైన యంత్రపు చేయి, దాని కొసను చిన్న రంపము, దాని క్రింద మనిషి మోకాలు. అమ్మ రెప్ప వాల్చకుండ చూచినది. చూచి నా వైపు తిరిగి ఒక ప్రశ్న వేసినది.

"బేటా, దీన్ని మొట్టమొదట ఎవరి మీద చేసి చూశారో అడుగు."

అడిగినాను. వైద్యుడు నవ్వి, "వేలమందికి చేస్తున్నారమ్మా, భయమేమీ లేదు" అన్నాడు. అమ్మ మారు పలుకలేదు. తిరుగు ప్రయాణములో బస్సు వంతెన మీదికి వచ్చిన తరువాత, కిటికీలోనుండి గోదావరిని చూచుచు మరల అన్నది: "వేలమంది సంగతి కాదు నేనడిగింది. ఆ వేలమందిలో మొదటివాడికి ముందు ఎవరు?"

పద్యములకు ప్రతిపదార్థములు చెప్పుకొని బ్రదుకు నాకు ఈ ప్రశ్నకు జవాబు తెలియలేదు. తెలియలేదని ఊరకుండలేకపోయినాను. సెలవులన్నియు ఆ జవాబు వెదకుటలోనే గడచినవి. నేను చదివినదియు, చదివిన పిమ్మట నాకు తోచినదియు మన వార్షిక సంచికలో విద్యార్థుల ముందును, పాలకవర్గము వారి ముందును ఉంచుట అనుచితము కాదని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. విజ్ఞానశాస్త్ర శాఖలోని నా సహోద్యోగులు ఇందులోని పొరపాట్లను దిద్దుదురు గాక.

ఆమె ఆ ప్రశ్న ఎందుకు వేసినదో మాత్రము నాకు తెలియును. నా చిన్నతనమున మా ఇంట మేకలుండెడివి. ఒకసారి ఒక మేక కాలువ గట్టు మీదినుండి పడి ముందు కాలు విరుగగొట్టుకొన్నది. అమ్మ వెదురు బద్దలు చీల్చి, పాత చీర చింపి, కట్టు కట్టినది. నలుబది రోజులకు కట్టు విప్పగా మేక లేచి నడచినది. ఆ వార్త వీధి అంతయు ప్రాకినది. కొన్నాళ్ళకు పొరుగింటి పిల్లవాడు జామచెట్టు మీదినుండి పడి చేయి విరుగగొట్టుకొనగా, వాని తల్లి ఏడ్చుచు మా గడపకే వచ్చినది. అమ్మ ముట్టనైన ముట్టలేదు. "మా మేక నడిచిందమ్మా, కాని కుంటుతూ నడిచింది. నీ కొడుకును కుంటిచేతివాణ్ణి చేయలేను, ఆసుపత్రికి తీసుకుపో" అన్నది. అక్షరము రాని మా అమ్మ ఆనాడు చేసినదానిలో ఒక శాస్త్రమున్నదని నాకు ఇప్పుడు అనిపించుచున్నది. మేక మీద చేసి చూచినది, ఫలితము దాచలేదు, ఆ ఫలితము మనిషికి చాలునా అని తన్ను తాను ప్రశ్నించుకొన్నది.

ఇక యంత్రము సంగతి. రోబో అనగానే మన విద్యార్థులకు సినిమాలోని రోబో జ్ఞాపకము రావచ్చును. ఇది అది కాదు. దీనికి సొంత బుద్ధి లేదు. ముందుగా స్కానింగు ద్వారా గాని, శస్త్రచికిత్స సమయమున ఎముకపై గుర్తులు తీసికొని గాని రోగి కీలు స్వరూపమును కంప్యూటరుకు అందింతురు. ఎక్కడ, ఎంత లోతున, ఏ వాలున కోయవలెనో వైద్యుడు నిర్ణయించును. తరువాత యంత్రపు చేయి ఆ హద్దు దాటకుండ రంపమును పట్టి ఉంచును. కొన్ని యంత్రములు తామే కోయును, వైద్యుడు ఆపు మీట మీద వ్రేలుంచి నిలుచును. మరికొన్నిటిలో కోయునది వైద్యుడే, హద్దు దాటబోయినచో యంత్రము అడ్డుకొనును. వడ్రంగికి గీత గీసియిచ్చు నూలుత్రాడు వంటిదనుకొనవచ్చును. కాని ఈ త్రాడు చేతిని కూడ పట్టుకొనును.

ఎముకలను కోయు యంత్రములలో తొలిదశలో పేరుగన్నది 'రోబోడాక్'. దీని పుట్టుక అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, శాక్రమెంటో నగరమున. 1980 దశకపు నడుమ విలియం బార్గర్ అను ఎముకల శస్త్రవైద్యుడును, హోవర్డ్ పాల్ అను మరొక వైద్యుడును కలసి ఐ.బి.ఎం. సంస్థ పరిశోధకుల సాయముతో దీనిని రూపొందించినారు. ఈ రెండవ వైద్యుడు పశువైద్యుడు! నేను చదువుచు ఇక్కడ ఆగిపోయినాను. మనుష్యుల కీళ్ళు మార్చు యంత్రమునకు తండ్రులిద్దరు. వారిలో ఒకడు పశువుల డాక్టరు. ఊరిలో పశువుల డాక్టరును 'అసలు డాక్టరు' కాదన్నట్లు మాట్లాడు మనము ఈ సంగతిని కొంచెము గుర్తుంచుకొనవలెను.

వారు మొదట చేపట్టినది మోకాలు కాదు, తుంటి కీలు. లోహపు కీలు కాడను తొడ ఎముక లోపల దించుటకు ఒక రంధ్రము తొలువవలెను. చేతితో తొలిచినచో రంధ్రమునకును కాడకును నడుమ సందులు మిగులును. సందులున్న చోట ఎముక అతుకదు. యంత్రముతో తొలిచినచో కాడ ఎముకకు బిగిసి కూర్చుండునని వారి ఆశ. దానిని ఎవరి మీద పరీక్షింపవలెను?

1990లో ఆ యంత్రము బ్రదికియున్న శరీరమున తొలిసారిగా తొలిచినది కుక్క ఎముకను. ఆ విధముగా 26 కుక్కలకు శస్త్రచికిత్స జరిగినది. ఇక్కడ ఒక్క సంగతిని నేను విద్యార్థులకు ప్రత్యేకముగా చెప్పదలచినాను. ఆ కుక్కలు పరిశోధనాలయపు బోనులలో పెరిగినవి కావు. తుంటి కీళ్ళు చెడి, నడువలేక, యజమానులు చికిత్సకై తెచ్చిన పెంపుడు కుక్కలు. రోబో ఉన్నను లేకున్నను వానికి ఆ కీలు మార్పిడి కావలసియే ఉన్నది. అనగా అవి పరీక్షా వస్తువులు కావు, రోగులు. ఆ ఫలితములు బాగున్నవని తేలిన పిమ్మటనే 1992 నవంబరులో శాక్రమెంటోలోనే తొలిసారి ఒక మనిషికి ఆ యంత్రముతో తుంటి కీలు అమర్చినారు. ఆ మరుసటి ఏడే, 1993లో, హోవర్డ్ పాల్ మరణించినాడు. అమెరికా ప్రభుత్వము వారు ఆ యంత్రమునకు తుంటి కీలు కొఱకు అనుమతి నిచ్చినది 2008లో. దాని తరువాతి రూపమునకు మోకాలి కొఱకు అనుమతి నిచ్చినది 2019లో. ఒక కుక్క తుంటినుండి మనిషి మోకాలి వరకు సుమారు ముప్పది సంవత్సరముల నడక.

అమ్మ ప్రశ్నకు జవాబు దొరికినది. "కుక్కల మీద" అని చెప్పినచో ఆమెకు సరిపోవునేమో గాని నాకు సరిపోలేదు.

మనిషికంటె ముందు మూగజీవిపై చేసి చూచుట నిన్న మొన్నటి మాట కాదు. పండ్రెండవ శతాబ్దమున స్పెయిను దేశములోని సెవిల్ నగరమున ఇబ్న్ జుహర్ అను గొప్ప వైద్యుడుండెడివాడు. ఊపిరి ఆడని రోగికి కంఠనాళమున రంధ్రము చేసి గాలి అందింపవచ్చునని గ్రంథములలో ఉన్నది గాని, చేయుటకు వైద్యులు జంకెడివారు. ఆయన ఒక మేక కంఠనాళమును కోసి, ఆ గాయమును కడుగుచు, అది మాని మేక బ్రదుకువరకు చూచి, ఇది చేయదగిన చికిత్సయే అని వ్రాసినాడు. ఆయనకు రెండు శతాబ్దములకు పూర్వము అల్ రాజీ పాదరసము ఎంత హానికరమో తెలిసికొనుటకు ఒక కోతికి త్రాగించి చూచినాడు. మన ఉర్దూ విభాగము మిత్రులు ఈ పేర్లను సభలలో గర్వముగా చెప్పుదురు, నేనును చెప్పుదును. ఆ మేకను, ఆ కోతిని ఏ సభలోను తలచినట్లు నాకు జ్ఞాపకము లేదు.

మోకాలి మార్పిడి చరిత్రలోనైతే మూగజీవి మరొక విధముగా చేరినది. 1890లో బెర్లినులో థెమిస్టోక్లీస్ గ్లుక్ అను శస్త్రవైద్యుడు క్షయ పట్టిన మోకాళ్ళకు బదులుగా కీళ్ళు చేసి అమర్చినాడు. దేనితో చేసినాడు? ఏనుగు దంతముతో. చీము పట్టి ఆ ప్రయత్నములు నిలువలేదు.

పరీక్ష లేక తొందరపడినచో ఏమగునో చెప్పుటకు ఇంగ్లండులోని జాన్ చార్న్‌లీ కథ ఒక్కటి చాలును. తుంటి కీలు మార్పిడికి నేటి రూపము నిచ్చిన మహానుభావుడాయన. 1950 దశకము చివర టెఫ్లాన్ అను నున్నని పదార్థముతో కీలు గిన్నెలు చేసి సుమారు 300 మందికి అమర్చినాడు. మొదట అందరును సంతోషముగా నడచినారు. రెండు మూడేండ్లలో ఆ టెఫ్లాన్ అరిగి, ఆ పొడికి కీలు చుట్టు కండ వాచి, రోగులు మరల మంచమెక్కినారు. వారికి మరల శస్త్రచికిత్స చేయవలసి వచ్చినది. తరువాత మరొక ప్లాస్టిక్ పదార్థము దొరికినపుడు చార్న్‌లీ చేసిన పని చూడుడు. ఆ కొత్త పదార్థపు ముక్కను, పాత టెఫ్లాన్ ముక్కను తన తొడలోనే పెట్టించుకొని నెలల తరబడి వేచి చూచినాడు. టెఫ్లాన్ ఉన్నచోట గడ్డ కట్టినది. కొత్తది ఉన్నచోట ఏమియు కాలేదు. 1962నుండి ఆ ప్లాస్టిక్కే వాడుకలోనికి వచ్చినది. మేక లేదు, కుక్క లేదు; తొలి కత్తి తన మీదనే! అందరును ఇట్లు చేయవలెనని నేననను, చేయలేరు కూడ. కాని "ఎవరి మీద?" అను ప్రశ్నకు "నా మీద" అని బదులు చెప్పిన వాడొకడు ఉన్నాడని తెలిసిన పిమ్మట, మిగిలిన జవాబులన్నియు కొంచెము చిన్నబోయినట్లు తోచును.

దూరదేశముల కథలు మనకెందుకని ఎవరైనను అనవచ్చును. అట్లైనచో మన కాళ్ళ సంగతియే చూతము. ఈ గోదావరి మండలములలో బోదకాలు ఎరుగని ఊరు ఉన్నదా? అర్ధరాత్రి ఆరోగ్యశాఖ వారు తలుపు తట్టి, నిద్రలో ఉన్న పిల్లల వ్రేళ్ళు గుచ్చి రక్తపు చుక్క తీసికొనిపోవుట మన పెద్దలందరికి తెలిసినదే. ఆ పురుగు రాత్రివేళనే రక్తములో తిరుగును. దానికి మందు కనుగొన్న వారిలో ముఖ్యుడు మన భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన అమెరికాలోని లెడర్లే పరిశోధనాలయమున నడిపించిన బృందము 1947లో ప్రకటించిన ఆ మందే హెట్రజాన్. నేటికిని ప్రభుత్వము వారు ఇంటింట పంచుచున్న మాత్ర అదియే. ఆ మందు పని చేయునని మొదట తేలినది ఎవరియందు? ఆ జాతి పురుగులు సహజముగానే సోకిన పత్తి ఎలుకలయందు, కుక్కలయందు. మరుసటి ఏడు, 1948లో, సుబ్బారావు గారు కన్నుమూసినారు. వారి విగ్రహమునకు మనము దండలు వేయుచున్నాము, వేయవలసినదే. డెల్టాలో ఈనాడు నిటారుగా నడచు కాళ్ళలో ఎన్నియో ఆ ఎలుకలకు కూడ ఋణపడియున్నవి.

ఋణము అను మాట వాడినాను గనుక మన ఊరి ఐతిహ్యము నొకదానిని తలచుకొందును. కొవ్వూరు అను పేరు గోవుతో ముడిపడినదని పెద్దలు చెప్పుదురు. స్నానఘట్టమున్న చోటు గోష్పాద క్షేత్రము, అనగా ఆవు కాలి గిట్ట సోకిన చోటు. గౌతమ మహర్షి తన పైరు మేయుచున్న ఆవును అదలించుటకు ఒక దర్భపోచ విసరినాడట. అది తగిలి ఆవు పడి చనిపోయినదట. ఆయన చంపదలచలేదు. పైరు కాపాడుకొనదలచినాడు, అంతే. అయినను "నేను తలపెట్టలేదు గదా" అని తప్పించుకొనక, తపస్సు చేసి ఈ నదిని తెచ్చి ఆ ఆవుమీదుగా పారించినాడని కథ. నేను ఈ ఘట్టము ప్రక్కనే పెరిగినవాడను. కథను నమ్ముటయు నమ్మకుండుటయు ఎవరి ఇష్టము వారిది. కాని ఒక మూగజీవి ప్రాణమునకు బదులుగా ఒక నదినే తీసికొని రావలసి వచ్చినదని ఊహించిన ప్రాంతము మనది. మనము కనీసము ఆ జీవి పేరు తలచుటకైనను బద్ధకింపరాదు.

ఈ మాటలు ఒక మిత్రునితో అనగా ఆయన వెంటనే, "మాంసము తినువాడివి, బక్రీదుకు మేకను కోయువాడివి, నీకు ఈ మాటలు ఎట్లు తగును?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నయే. దానికి నేను చెప్పగల జవాబు సంపూర్ణమైనది కాదు. తినుటకు చంపుటకును, తెలిసికొనుటకై బ్రదికించి ఉంచి నొప్పించుటకును భేదమున్నదని నా భావము. మా ఇండ్లలో మేకను కోయువేళ దాని ఎదుట కత్తి నూరరాదని, మరొక మేక చూచుచుండగా కోయరాదని చిన్ననాటినుండి నేర్పుదురు. చంపుటకు కూడ ఒక మర్యాద ఉన్నదని దాని అర్థము. చంపుటకే మర్యాద ఉండవలసినపుడు, వారముల తరబడి కాలు కోసి కట్టి నడిపించి చూచుటకు ఎంత మర్యాద ఉండవలెను! శాకాహారియైన నా మిత్రుడు ఈ జవాబుతో తృప్తిపడలేదు. ఆయన కూడ తన తల్లికి నిరుడు మోకాలు మార్పించినాడని మాత్రము ఇక్కడ చెప్పక తప్పదు.

మూగజీవులపై పరీక్షలన్నియు ఆగిపోవలెననువారు ఒకవైపు, మనిషి ప్రాణము ముందు జంతువు లెక్కయేమి అనువారు ఒకవైపు. నాకు ఈ ఇరువురి మాటలలోను తొందర కనబడుచున్నది. కుక్కల మీద బాగున్నదని తేలినంత మాత్రమున మనిషికి భద్రత చేకూరునా? రోబోడాక్ కథలోనే దీనికి జవాబున్నది. 1994నుండి జర్మనీలోని ఆసుపత్రులు ఆ యంత్రమును కొని వేల మందికి తుంటి కీళ్ళు అమర్చినవి. ఎముక యంత్రము చెప్పినట్లే అందముగా తొలువబడినది. కాని యంత్రమునకు దారి ఇచ్చుటకై చుట్టునున్న కండరములను ఎక్కువగా లాగి పట్టుకొనవలసి వచ్చెడిది. కొందరు రోగులు కుంటుచు నడచుటయు, కీలు జారుటయు, మరల శస్త్రచికిత్స చేయించుకొనుటయు జరిగినది. వందలకొలది రోగులు న్యాయస్థానముల కెక్కినారు. కొలది సంవత్సరములలోనే అక్కడ ఆ పద్ధతి మూలబడినది. కుక్క నాలుగు కాళ్ళ మీద నడచును. మనిషి ఒంటికాలి మీద తన బరువంతయు మోయుచు రెండవ కాలు ముందుకు వేయును. కుక్కల నడక చెప్పలేని సంగతిని మనుష్యుల కుంటి నడక చెప్పినది. మా అమ్మ మేక సంగతియే ఇదియు.

ఆ వ్యాజ్యములలో ఒకదానిపై జర్మనీ అత్యున్నత న్యాయస్థానము 2006 జూనులో ఇచ్చిన తీర్పులోని సారాంశము ఏమనగా: పద్ధతి కొత్తది అయినపుడు, ఇంకను బయటపడని ప్రమాదములు ఉండవచ్చునని కూడ వైద్యుడు రోగికి ముందే చెప్పవలెను. తెలిసిన ప్రమాదములే కాదు, తెలియనివి ఉండవచ్చుననుట కూడ! ఇంతకంటె గొప్ప వినయమును ఏ శాస్త్రమైనను నేర్పునా? మనకు గోడల మీద కనబడు ప్రకటనలలో రోబో బొమ్మ పెద్దదిగా ఉండును. ఈ వాక్యము ఎక్కడను ఉండదు. దక్షిణ కొరియాలో సుమారు 1,400 మందిని రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమునకు రోబోతోను, రెండవ వర్గమునకు చేతితోను మోకాళ్ళు మార్చి, పదేండ్లకు పైగా గమనించి 2020లో ప్రకటించిన పరిశోధనలో ఇరువర్గముల నొప్పియందును, నడకయందును, కీలు మన్నికయందును చెప్పుకోదగిన తేడా కనబడలేదు. కోత సూటిగా ఉండుట వేరు, రోగికి మేలు జరుగుట వేరు. తరువాత వచ్చిన యంత్రములు దానికంటె మెరుగైనవే కావచ్చును. మెరుగని చెప్పువారు పదేండ్ల లెక్క చూపింపవలెను.

మోకాలి విషయమున మూగజీవి సాక్ష్యము మరింత బలహీనము. గొఱ్ఱె మోకాలు, మేక మోకాలు పరిమాణమున కొంత పోలికగా ఉండుటచే పరిశోధకులు వానిని ఎన్నుకొందురు. మేక నిలుచున్నపుడు దాని వెనుక కాళ్ళను గమనింపుడు. ఆ మోకాలు ఎన్నడును పూర్తిగా చాపబడదు, ఎల్లపుడును వంగియే ఉండును. మనిషి మోకాలు నిటారుగా బిగిసి బరువు మోయును. కాబట్టి మనిషి మోకాలు ఏ వాలున కోసినచో బాగుగా నడచునో మేకను కోసి తెలిసికొనుట సాధ్యము కాదు. కోత వలన ఎముక మాడునా, గాయము ఎట్లు మానును, లోహమునకు ఎముక అతుకునా అను సంగతులు మాత్రము తెలియును. తక్కినవానికి వేరు దారులున్నవి. ప్లాస్టిక్ ఎముకలపై యంత్రము గురి పరీక్షింపవచ్చును. కీలు అరుగుదలను యంత్రములో పెట్టి 50 లక్షల అడుగుల వరకు నడిపించి చూచుట అంతర్జాతీయ ప్రమాణముగా ఉన్నది. కోత పద్ధతిని దానము చేయబడిన మానవ శరీరములపై అభ్యసింపవచ్చును.

మన దేశపు చట్టము ఈ విషయమున మనమనుకొనునంత వెనుకబడినది కాదు. రుక్మిణీదేవి అరండేల్ గారు రాజ్యసభలో ప్రారంభించిన కృషి ఫలితముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. అందు 14వ విభాగము ప్రాణరక్షణకు, రోగనివారణకు ఉపయోగపడు ప్రయోగములను అనుమతించినది. 17వ విభాగము వానికి హద్దులు చెప్పినది. మత్తు ఇయ్యక కోయరాదు. పుస్తకములతో, నమూనాలతో, చలనచిత్రములతో పని జరుగుచోట జంతువును వాడరాదు. కేవలము చేతివాటము నేర్చుకొనుటకై సాధ్యమైనంతవరకు ప్రయోగములు చేయరాదు. ఈ చివరి మాటను రోబో శస్త్రచికిత్స నేర్చుకొనువారు పెద్ద అక్షరములలో వ్రాసి పెట్టుకొనవలెను. ఏలయన యంత్రము నడపు అభ్యాసమునకు బ్రదికియున్న పందులను వాడుట అనేక దేశములలో ఉన్నది. 1998లో వచ్చిన నిబంధనల ప్రకారము ప్రతి పరిశోధనా సంస్థయందును నీతి సంఘముండి, ప్రతి ప్రయోగమును ముందుగా పరిశీలింపవలెను. హైదరాబాదు చేరువన జీనోమ్ వ్యాలీలో భారత వైద్య పరిశోధన మండలి వారు పెద్ద జంతువులతో పరిశోధనకై ఒక జాతీయ కేంద్రమును నెలకొల్పినారు. అనగా ఇది ఇక ఏ శాక్రమెంటో సంగతియో కాదు, మన గడపలోని సంగతి. అక్కడి నీతి సంఘములలో రేపు కూర్చుండువారు నేడు మన తరగతులలో కూర్చున్నవారే.

మన కళాశాల సంగతియు ఒకటి చెప్పుకొనవలెను. నేను విద్యార్థిగా ఉన్న దినములలో మైనపు పలకపై కప్పను వెల్లకిల పరచి గుండుసూదులు గుచ్చెడివారు. నాది తెలుగు గనుక నేను కిటికీలోనుండి మాత్రమే చూచినాను. 2014లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము వారు దానిని ఆపివేయుడని ఆదేశించినారు. ఆపినాము. ఆపిన తరువాత ఆ ఖాళీని దేనితో నింపినాము? గోడ మీది పటముతోను, గైడు పుస్తకముతోను! కప్పకు విముక్తి కలిగినది గాని విద్యార్థికి చదువు కలుగలేదు. పాలకవర్గము వారు దయచేసి మంచి నమూనాలు కొనుటకు కొంత ధనము కేటాయింపవలెనని ఈ సంచిక ద్వారానే మనవి చేయుచున్నాను. దానికి మించి, మన ఊరి పశువైద్యుని ఏడాదికి ఒక దినమైనను పిలిపించి, జీవశాస్త్ర విద్యార్థులను ఆయన వెంట పంపవలెను. కాలు విరిగిన గేదెకు కట్టు కట్టుట చూచిన విద్యార్థి, కప్పను కోసిన విద్యార్థి కంటె ఎక్కువ నేర్చుకొనునని నా నమ్మకము.

ఇక చెప్పుటకు కొంచెము జంకు కలుగు మాట. మూగజీవులపై కత్తి తగ్గవలెనన్నచో మనిషి తన శరీరమును ఇయ్యవలెను. 2023లో రాజమహేంద్రవరమున ప్రభుత్వ వైద్య కళాశాల తెరువబడినది. అక్కడ పిల్లలు చదువుటకు శరీరములు కావలెను. ఎక్కడనుండి వచ్చును? మన సమాజమున ఈ మాట ఎత్తిన వెంటనే సంభాషణ ఆగిపోవును. మృతదేహమును గౌరవముగా, త్వరగా ఖననము చేయవలెనను నియమము మనకు ప్రాణసమానము. శరీరదానమును గూర్చి ధర్మవేత్తలలో భిన్నాభిప్రాయములున్నవి. కూడదనువారున్నారు, అత్యవసరమున తగుననువారున్నారు. తీర్పు చెప్పుటకు నేను ఆలిమును కాను, తెలుగు పంతులను. కాని ఒక్కటి అడుగుదును. మన మోకాలు బాగుపడుటకు మరియొకరి తండ్రి శరీరము పనికి వచ్చినది, ఎవరిదో కుక్క పనికి వచ్చినది. మన వంతు వచ్చునప్పటికి మాత్రము మనము చర్చింపనైన చర్చింపమా? ఉలమాను, వైద్యులను, విద్యార్థుల తల్లిదండ్రులను ఒక వేదికపై కూర్చుండబెట్టి మన కళాశాల ఈ చర్చ జరిపించినచో బాగుండును. ఫలితము ఏదైనను సరే. కూడదని తేలినను ఆలోచించి కూడదన్నవారమగుదుము.

అమ్మకు ఇదంతయు ఒక సాయంకాలము చెప్పినాను. జర్మనీ సంగతి చెప్పినాను, కొరియా లెక్క చెప్పినాను. ఆమె వక్కలు కత్తిరించుచు విన్నది. చార్న్‌లీ తన తొడలో ముక్క పెట్టించుకొన్న సంగతికి మాత్రము చేయి ఆపి, "వాళ్ళమ్మ ఉంటే ఊరుకునేదా?" అన్నది. కుక్కల సంగతి వచ్చినపుడు, "ఆ కుక్కలకు అప్పటికే కాళ్ళు బాగాలేవంటావు?" అని రెండు మార్లు అడిగినది. అవునన్నాను. కొంచెము సేపు ఊరకుండి, రంజాను వెళ్ళిన తరువాత రోజు ఇమ్మని డాక్టరును అడుగుమన్నది. చేతితోనా, యంత్రముతోనా అని అడిగినాను.

"అది ఆయన చేతివాటాన్ని బట్టి ఆయన్నే తేల్చుకోమను. ఆ యంత్రంతో తాను ఇంతకు ముందు ఎంతమందికి చేశాడో, వాళ్ళలో కుంటుతున్నవాళ్ళు ఎంతమందో మాత్రం అడుగు. ఈసారి నవ్వితే ఊరుకోకు."